తెరలో మిగిలిన మధ్యాహ్నాలు

ఇడ్లీ ధర తగ్గడం తన జీవితంలో చూస్తానని ఓదెలు అనుకోలేదు. ఒక ఆదివారం పొద్దున చూశాడు.

చూసింది హోటల్లో కాదు, హన్మకొండలోని సొంత ఇంటి వెనకగదిలో. పేరుకు అది సామాన్ల గది. పెత్తనమంతా హైమావతిది. ఆమె ఓదెలు భార్య, జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది. అందరు ఆడవాళ్లూ పాతసామాన్లవాడికి అమ్మితే, హైమ వాడి దగ్గర కొంటుంది. పాడైన టీవీలు, చచ్చిపోయిన ల్యాప్‌టాప్‌లు, దుకాణాల ముందు వేలాడి వేలాడి మూలపడ్డ బోర్డులు తెచ్చి, వాటి ఎల్‌సీడీ తెరలను జాగ్రత్తగా ఊడదీసి, తీగలు కలిపి మళ్లీ వెలిగిస్తుంది. ఎందుకని అడిగితే "వెలుగుతయా లేదా చూద్దామని" అంటుంది. అంతకుమించి కారణం అడిగినవాడిదే తప్పన్నట్టు చూస్తుంది. హైస్కూల్లో సోషల్ చెప్పే ఓదెలుకు ఆ గదిలో ఒక్క వస్తువు పేరు కూడా తెలియదు. అయినా ఎవరైనా ఇంటికొస్తే ముందు ఆ గదే చూపిస్తాడు.

"ఓ సారూ, జర ఇటు రా! టీ ఆడనే పెట్టి రా."

వెళ్లేసరికి కిటికీకి దుప్పటి కట్టి ఉంది. బల్ల మీద ఒక పెద్ద తెర మసకగా వెలుగుతోంది. అది చౌరస్తాలో మూతపడిన టిఫిన్ సెంటర్ బోర్డుదట. హైమ అతని చేతిలో ఒక అట్టముక్క పెట్టింది. మధ్యలో కోసి, తెర మీంచి ఒలిచిన నల్లటి పల్చని పొరను అతికించింది. "కంటికి దగ్గర పెట్టుకొని ఎదురుంగ కూసో. పక్కకు జరిగితే ఏం కనవడది."

మొదట అంతా బూడిద రంగే. కన్ను చీకటికి అలవాటు పడ్డాక అక్షరాలు తేలాయి. ఇడ్లీ యాభై. హైమ ఒక బొత్తాన్ని మెల్లగా తిప్పుతోంది. ఇడ్లీ నలభై అయింది. మూలన "పూరీ లేదు" అని వచ్చి పోయింది. ఉగాది శుభాకాంక్షలు వచ్చి పోయాయి. ఇడ్లీ ముప్ఫై.

"హైమా! ధర దిగుతున్నదే!"

"ధర కాదయ్యా. దినాలు దిగుతున్నయ్."

సంగతి ఇది. పాత తెర మీద ఒకే బొమ్మ చాలాకాలం నిలిస్తే మచ్చ పడుతుంది. ఆ మచ్చ పోవడానికి తెర మొత్తాన్ని తెల్లగా వెలిగించి ఒక పగలూ రాత్రీ వదిలేస్తారు. ఈ పని చేసేవాళ్లందరికీ అది కొట్టినపిండి. హైమ దానికి తెల్లస్నానం అని పేరు పెట్టుకుంది. ఈసారి ముందుపొర ఒలిచేసిన తెరకు స్నానం మొదలుపెట్టి, తీగలు తారుమారు చేసింది. తప్పు దిద్దుకునేలోపు, చేతిలో ఉన్న ఆ ఒలిచిన పొరలోంచి తెర వైపు చూపు పోయింది. తెల్లగా ఉండాల్సిన చోట దోసెల పట్టీ కనపడింది.

"టీ కాచే గిన్నె అడుగున కరుడు పడతది సూడు, రోజుకింత. గట్లనే తెర లోపలి ద్రవంల, చూపించిన బొమ్మలన్ని పొర మీద పొర పేరుకున్నయ్. నేను పైనుంచి గీకుతున్న. మొదలు నిన్నటిది, ఎనక మొన్నటిది."

"మళ్లా ఒకసారి చూపియ్యి."

"గీకినంక కరుడు ఉంటదా? చూసుడంటేనే గీకుడు."

ఫోన్ కెమెరా పెట్టి చూసిందట. అందులో బూడిద రంగు తప్ప ఏమీ పడలేదు. మనిషి కన్ను ఓపిక పట్టి కూడగట్టుకునే మసకను కెమెరా పట్టుకోలేకపోయింది.

ఓదెలు భార్య ముఖం చూశాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమెను ఎన్నోసార్లు ఎగతాళి చేశాడు, పిచ్చి కుదిరింది రోకలి తలకు చుట్టమన్నట్టుంది నీ పని అని. ఇప్పుడు ఆ మాట నోట్లోనే ఆగిపోయింది. కాలాన్ని వెనక్కి తిప్పిన మనిషి తన ఎదురుగా జిడ్డు నైటీలో, జుట్టుకు పెన్సిల్ గుచ్చుకుని నిలబడి ఉంది. వీధిలోకి పోయి నలుగురికీ చెప్పాలనిపించింది అతనికి. హైమ మాత్రం సంతోషంగా లేదు. గోడ అరల్లో వరసగా పెట్టిన తెరల వైపు చూస్తోంది.

"వీటన్నిటికి స్నానం చేయించిన. ఒక్కోదాంట్ల ఏమేం ఉండెనో. అన్నీ కడిగేసిన." అలా అని కుర్చీలో కూర్చుండిపోయింది.

తర్వాతి నెలల్లో ఆమె ఆరా తీసింది. అన్ని తెరల్లోనూ ఈ గుణం లేదు. అంచున లేత పచ్చ ఛాయ ఉన్న ఒక పాత రకంలోనే ఉంది. ఆ రకం ఇప్పుడెవరూ చేయడం లేదు. హైమ ఊళ్లన్నీ గాలించినా, టిఫిన్ సెంటర్ బోర్డు కాక ఇంకో రెండే దొరికాయి. ఒకటి ధర్మకాంటా దగ్గర లారీల తూకం చూపించిన తెర. అది పరీక్షల్లోనే ఖర్చయిపోయింది. మారని బొమ్మ గబగబా దిగుతుందనీ, కదిలే బొమ్మకు చాలా మెల్లగా తిప్పాలనీ, తొందరపడితే అలుక్కుపోతుందనీ దానివల్లే తెలిసింది. ఢిల్లీలోని ఒక పెద్ద ప్రొఫెసర్‌కు ఫోన్ చేసి చెబితే, ఆయన ముందు నవ్వాడు. తర్వాత ప్రశ్నలు వేశాడు. ఆ తర్వాత నవ్వలేదు. ముట్టని తెర ఒకటి ఉంటే సోమవారం తానే వస్తాననీ, తన కళ్లతో చూస్తే ప్రపంచానికంతా తానే చెబుతాననీ అన్నాడు.

"ఉన్నదా?" అని ఓదెలు ఆత్రంగా అడిగాడు.

"ఒక్కటున్నది." హైమ అరలోంచి చీరముక్కలో చుట్టినది తీసి బల్ల మీద పెట్టింది. "స్వరూప ట్యాబుది."

ఓదెలు బల్ల మీది టీ గ్లాసును మూటకు దూరంగా జరిపాడు.

స్వరూప అతని చెల్లెలు. పుట్టుచెవిటి. వాళ్లమ్మ రాజవ్వ కూడా అంతే. ఆ ఇంట్లో ఒక చేతిభాష ఉంది. బడిలో నేర్పేది కాదు. రాజవ్వ, అంతకుముందు ఆమె మేనత్త, ఇంటి ఆడవాళ్లు అవసరానికి అల్లుకుంటూ వచ్చినది. ఓదెలుకు చెవులు వినపడతాయి గానీ, అతని మొదటి మాటలు కూడా చేతుల్తోనే వచ్చాయి. ఆ భాషలో ప్రతి మనిషికీ ఒక చేతిపేరు ఉంటుంది. ఇంటి పెద్ద పిల్లను చూసి పెడుతుంది. పెట్టి, కన్నతల్లికి మాత్రమే చెబుతుంది. తల్లి ఆ పేరుతో పిల్లను పిలిచాకే మిగతావాళ్లు ఆమె చేతుల్లోంచి అందుకోవాలి. ఓదెలు చేతిపేరు చెవి వెనక గోక్కోవడం. ఆ అలవాటు మానేసి ముప్ఫై ఏళ్లయినా పేరు మారలేదు.

రెండేళ్ల కిందట స్వరూపకు కరీంనగర్ ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. అదే రోజు రాజవ్వ ఊపిరాడక హన్మకొండ ఆసుపత్రిలో ఉంది. తల్లీకూతుళ్లు ఏళ్లుగా ప్రతి మధ్యాహ్నం వీడియోలో మాట్లాడుకునేవాళ్లు. ఆ రోజు కూడా స్వరూప భర్త సదయ్య కాల్ కలిపి, మంచం పక్క బల్ల మీద ట్యాబును నీళ్లసీసాకు ఆనించి, రక్తం కోసం పరుగెత్తాడు. స్వరూప మత్తులో ఉంది. ఇక్కడ ఓదెలు మందులకని కిందికి దిగాడు. తిరిగి వచ్చేసరికి రాజవ్వ అలిసిపోయి, ముఖమంతా వెలిగిపోతూ ఉంది. చేతులకు యాస ఉండదు గనక ఆమె మాటలు మామూలుగానే చెప్పుకోవాలి.

"పేరు పెట్టాను. నా కూతురికి చెప్పాను" అంది.

"ఏం పేరు?"

"నీకెందుకు? నీ చెల్లెలు చెబుతుంది" అని వేలు చూపించి బెదిరించింది. కళ్లు మూసుకుంది. మళ్లీ తెరవలేదు.

స్వరూపకు మెలకువ వచ్చేసరికి ట్యాబులో తల్లి నిద్రపోతూ ఉంది. మత్తులో ఉన్న తన ముఖానికి అమ్మ పేరు చెప్పి పోయిందనీ, మనవరాలిని చూడకుండానే పోయిందనీ ఆమె అనుకుంది. ఆ ట్యాబును మళ్లీ ముట్టలేదు. బ్యాటరీ ఉబ్బిపోయాక సదయ్య తెచ్చి హైమకు ఇచ్చాడు. పిల్లకు బడి కోసం మనస్విని అని రాయించారు. చేతిపేరు మాత్రం లేదు. స్వరూప పిల్లను పిలవాలంటే వెళ్లి భుజం తడుతుంది. పెద్దవాడిగా నేను పెడతానని ఓదెలు అడిగితే ఆమె ఒప్పుకోలేదు.

"అమ్మ పెట్టింది. నాకు తెలియదు, అంతే. పెట్టిన పేరు మీద ఇంకో పేరు పెట్టను."

ఆ పేరు ఇప్పుడు బల్ల మీద, చీరముక్కలో ఉంది.

"ప్రొఫెసర్ వస్తే?" ఓదెలు నసిగాడు. అడగకూడదని తెలుసు, అయినా అడిగాడు. భార్య పేరు పేపర్లో చూడాలన్న ఆశ అతనిది.

హైమ అప్పుడే ఫోన్ తీసింది. "సార్, సోమవారం రాకండ్రి. ఆ తెర నాది కాదు... లేదు సార్, ఇంకోటి లేదు." అవతల ఆయన గట్టిగానే మాట్లాడుతున్నాడు. ఆధారం లేకుండా ఎవరు నమ్ముతారమ్మా అన్నది ఓదెలుకు కూడా వినపడింది. "నమ్మకుంటే మానె సార్" అని ఆమె పెట్టేసింది. ఆ తర్వాత చాలాసేపు సోల్డరింగ్ కడ్డీని గుడ్డతో తుడుస్తూ కూర్చుంది. అప్పటికే అది శుభ్రంగా ఉంది. ఓదెలు వెళ్లి టీ పెట్టుకొచ్చాడు. అతనికి చేతనైంది అదే.

స్వరూపకు చెప్పడం అతని వంతు. కరీంనగర్ వెళ్లి చెప్పాడు. దాచకుండా చెప్పాడు. పేరు దొరకొచ్చు, దొరకకపోవచ్చు. ఒక్కసారే కనపడుతుంది. ముందు చివరిది వస్తుంది కాబట్టి, అమ్మ పోవడం దాటితే తప్ప అమ్మ మాట్లాడటం కనపడదు.

స్వరూప చేతిలో పని పక్కన పెట్టింది.

"అన్నా, అప్పుడు నిద్రలో ఉన్నాను. ఇప్పుడు మేలుకునే ఉంటాను" అంది.

ఆ తర్వాతి ఆదివారం మధ్యాహ్నం ముగ్గురూ వచ్చారు. వెనకగదికి మళ్లీ దుప్పట్లు కట్టారు. సదయ్య పిల్లను ఎత్తుకుని వరండాలో ఉండిపోయాడు. తెరకు ఎదురుగా స్వరూప, ఆమె కంటి దగ్గర అట్టముక్క. ఎడమచెయ్యి హైమ మోచేతి మీద వేసింది. నొక్కితే మెల్లగా, గుద్దితే ఆపు. ఓదెలు పక్కన కూర్చున్నాడు. అతని వైపు నుంచి అది ఉత్త బూడిద పలక.

హైమ బొత్తాం మీద రెండు వేళ్లు పెట్టింది. "తెర చచ్చిందనుకో, నన్ను తిట్టొద్దని చెప్పు" అంది మొగుడితో.

"తిట్టదు."

"నువ్వు సుత తిట్టొద్దు."

తిప్పింది.

ఓదెలుకు కనిపించింది తెర కాదు, చెల్లెలి ముఖం. మొదట అది రాయిలా ఉంది. చూస్తున్నది నిద్రపోతున్న తల్లినని, ఆ నిద్ర ఏమిటో తెలిసి చూస్తున్నదని అతనికి అర్థమైంది. స్వరూప చెంపల మీంచి నీళ్లు కారి అట్టను తడిపాయి. ఆమె తుడుచుకోలేదు. రెప్ప వేస్తే ఒక్క క్షణం పోతుంది, ఆ క్షణం మళ్లీ రాదు. అందుకని రెప్ప కూడా బిగబట్టింది.

ఉన్నట్టుండి ఆమె నోరు తెరుచుకుంది. ఎడమచెయ్యి హైమ మోచేతిని నొక్కింది. అమ్మ కళ్లు తెరిచిందన్నమాట. వెనక్కి నడుస్తున్న కాలంలో చావు ముందు వచ్చి పోయింది, ఇప్పుడు ప్రాణం వస్తోంది. ఓదెలు చూస్తూ ఉండగానే స్వరూప కుడిచెయ్యి తనంతట తాను లేచింది. తెరలో చూసిన దాన్ని గాలిలో దిద్దుకుంటోంది. ఆ వంపు, బొటనవేలు కొంచెం ఆలస్యంగా కదలడం, అదంతా రాజవ్వది. ఓదెలు ఎన్నడూ అనుకోలేదు, అమ్మ గొంతు మళ్లీ వింటానని. చెల్లెలి చేతిలో విన్నాడు. మాటలు తలకిందులుగా వస్తున్నాయి. ముందు తనను బెదిరించిన వేలు, ఆ వెనక చెల్లెలికి చెప్పినవి. జాగ్రత్త. తిను. అన్నతో కొట్లాడకు. ఏడవకు.

ఆ తర్వాతిది పేరే అయి ఉంటుంది. అంటే అమ్మ దానికన్నా ముందు చెప్పినది. ఆ సంగతి తట్టగానే ఓదెలు గబుక్కున గోడ వైపు తిరిగాడు. పిల్ల తల్లి ముందు చూడాలి, పిల్లను పిలవాలి. మేనమామ దొంగచాటుగా చూసేది కాదు అది. గోడకున్న క్యాలెండర్‌ను చూస్తూ కూర్చున్నాడు.

వెనక ధబ్ మని చప్పుడు. స్వరూప హైమ చేతిని గుద్దింది.

"ఏమైంది? పాయెనా?" ఓదెలు ఉలిక్కిపడి తిరిగాడు.

"పోలే, ఆపమన్నది. ఆపిన. ఎక్కువసేపు ఆపలేను, చప్పున కానియ్యుండ్రి!"

స్వరూప అన్న జుట్టు పట్టుకుని తన చోటికి లాగింది. అట్టముక్కను అతని కంటికి అదిమింది. ఒక వేలితో తెర కింది మూలను చూపిస్తోంది.

బూడిదలోంచి ముందు తల్లి ముఖం తేలింది. ఆక్సిజన్ గొట్టం, తలగడ, చెదిరిన జుట్టు. రాజవ్వ చేతులు కదలకుండా గాలిలో ఉన్నాయి. మాట మొదలుపెట్టబోయే చేతులవి. ఆమె చూపు సూటిగా లేదు, కొంచెం పక్కకు, ఎవర్నో చూస్తున్నట్టుంది. అతను మూలకు చూశాడు. వీడియో కాల్లో మన ముఖం మనకు కనపడే చిన్న గడి ఉంటుంది కదా, బొటనవేలంత. అందులో ఇవతలి ట్యాబు అవతలికి ఏం చూపించిందో అది ఉంటుంది.

అందులో స్వరూప లేదు. గాజులు వేసుకున్న ఎవరిదో చెయ్యి, ఆసుపత్రి ఆయాదో, నర్సుదో, తెల్లగుడ్డలో చుట్టిన పసిగుడ్డును తెరకు దగ్గరగా పట్టుకుని ఉంది. పసిది కళ్లు ఇంతలేసి చేసుకుని చూస్తోంది.

అమ్మ చూసింది. మనవరాలిని చూసింది, చూసే పేరు పెట్టింది. రెండేళ్లుగా వాళ్లు మోసిన బరువు అబద్ధం. ఎవరో పేరు తెలియని పుణ్యాత్మురాలు, మూగసైగలు చేస్తున్న ముసలమ్మను తెరలో చూసి, బిడ్డను ఎత్తి చూపించి, తన పనిమీద తాను వెళ్లిపోయింది. ఓదెలు చిన్నపిల్లాడిలా గట్టిగా ఏడ్చాడు. స్వరూపకు వినపడలేదు గానీ, అతని వీపు మీద చెయ్యి వేసి ఉండటంతో తెలిసింది.

"వేడెక్కుతున్నది, బందు పెడుతున్న" అని హైమ స్విచ్ ఆపింది. గడి, పసిది, చేతులు, అన్నీ ఒక్కసారి పోయాయి.

దుప్పటి తొలగించాక హైమ తెరను మళ్లీ చీరముక్కలో చుట్టడం మొదలుపెట్టింది. ఓదెలు ముక్కు తుడుచుకుంటూ అన్నాడు, "హైమా, కిందికి ఇంకా ఏండ్లకేండ్లు ఉన్నయ్ గద. ప్రొఫెసర్‌కు మళ్లా ఫోన్ చెయ్యి. నీ పేరు..."

"అవి అత్తమ్మవి, స్వరూపవి. మాట్లాడుకున్న మధ్యాహ్నాలు. నా పరీక్షలకు గీకుతనా?" మూటను ఆడబిడ్డ ఒళ్లో పెట్టింది. చేతిభాష ఆమెకు కొంచెమే వచ్చు. వచ్చినంతలోనే చెప్పింది. "నీది. చూస్తే పోతుంది. ఉంచుకుంటే ఉంటుంది."

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఈమె ఇంట గెలిచి, రచ్చకు పోవడమే మానుకుంది. ఇంతటి మనిషికి తాను టీ పెట్టి ఇవ్వడమే తన జన్మకు పెద్ద ఉద్యోగమని ఓదెలుకు అనిపించింది. అనిపించిందే తడవుగా పైకి కూడా అన్నాడు. "అయితే పోయి పెట్టు" అంది హైమ.

స్వరూప అప్పటికే లేచింది. మూటను గుండెకు పట్టుకుని వరండాలోకి నడిచింది. ఎండకు కళ్లు చిట్లించుకుంది. సదయ్య బత్తాయి వలుస్తున్నాడు, పిల్ల తొక్కలన్నీ వరసగా పేరుస్తోంది. భార్య ముఖం చూసి అతను వలవడం ఆపాడు.

ఆమె పిల్ల ఎదుట గొంతుకూర్చుంది. భుజం తట్టలేదు. పిల్ల తనంతట తల ఎత్తేదాకా ఆగింది. కుడిచేతి వేళ్లు అయిదూ మొగ్గలా మూసి కంటికొస దగ్గర పెట్టి, ఒక్కసారిగా విప్పింది. ఇంతలేసి కళ్లు.

మళ్లీ చేసింది. మళ్లీ చేసింది. రెండేళ్ల పిలుపులు బాకీ ఉన్నట్టు చేస్తూనే ఉంది. గుమ్మంలో నిలబడ్డ ఓదెలు ఇప్పుడు ధైర్యంగా చూశాడు.

పిల్లకు అది కొత్త ఆటలా తోచింది. బత్తాయి రసం అంటుకున్న వేళ్లు కంటి దగ్గర మూసి విప్పింది. నాన్నకు చేసింది. మామకు చేసింది. అత్తకు చేసి కిలకిలా నవ్వింది. స్వరూప తలూపుతూ ఆ జిగట చేతిని పట్టుకుంది. మెల్లగా తిప్పి, పిల్ల గుండెలకే ఆనించింది. నువ్వు.

పిల్ల నవ్వు ఆగింది. తన చేతిని తాను ఎగాదిగా చూసుకుంది. తల్లి ముఖం చూసింది. మళ్లీ చేతిని చూసింది. అప్పుడు దాన్ని ఎవరూ చెప్పకుండానే కంటి దగ్గరికి తీసుకెళ్లి, మూసి, విప్పి, వేలితో తన పొట్ట మీద పొడుచుకుంది.